తిననివాడు పెట్టిన పోగులు

మా క్వార్టర్ల లైన్లో మాంసం తిననివాణ్ని నేనొక్కణ్నే. ఆ లైన్లో మేకపోతును కోస్తే మాంసం పంచేదీ నేనే. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన చదివితే బయటివాళ్లకు వింతగా ఉంటుంది. గోదావరిఖనిలో ఎవరికీ ఉండదు. తాగని వాడి చేతికే సీసా ఇచ్చి పొయ్యమన్నట్టు, అంతే.

దసరాకు మా లైన్లోని ఎనిమిది ఇళ్లూ కలిసి పెద్దపల్లి అంగడి నుంచి ఒక మేకపోతును తెచ్చుకుంటాం. పండగపూట కొట్టు ముందు నిలబడి కిలోల లెక్కన కొనుక్కోవడం మా దగ్గర అంత మర్యాద కాదు. పొద్దున్నే బండ్ల రిపేరు షాపు భాయ్ వచ్చి బిస్మిల్లా చెప్పి కోస్తాడు. తోలు తీసి ముక్కలు కొట్టాక, వాకిట్లో టేకాకులు పరిచి, భాయ్ ఇంటితో కలిపి తొమ్మిది పోగులు పెడతాం. తక్కెడ ఉండదు, కన్నే తక్కెడ. ప్రతి పోగులో తొడ ముక్క ఉండాలి, పక్కబొక్క, అంటే పక్కటెముక, ఉండాలి, కొంచెం కొవ్వు, కొంచెం బోటి, గుండెకాయలో ఇంత, కార్జంలో ఇంత. తలకాయా కాళ్లూ మాత్రం ఏడాదికో ఇంటికి వంతు. ఎంత పెద్ద మేకపోతుకైనా దేవుడు ఒక్క కార్జమే ఇచ్చాడు. దాన్ని తొమ్మిది ఇళ్లకు ఎవరి మొహమూ మాడకుండా పంచాలి. బీఎస్సీలో నేను చేసిన ప్రాక్టికల్స్ ఏవీ ఇంత కఠినంగా లేవు.

పంచినవాడు అందరూ తీసుకున్నాక మిగిలిన పోగు తీసుకోవాలన్నది పాత నియమం. ఆ నియమం ఉండగానే నాకు ముందు పంచినాయన పోగులో కార్జం ఎప్పుడూ అడుగున, పక్కబొక్కల చాటున, నిద్రపోతున్నట్టు పడుకుని ఉండేది. పైనుంచి చూస్తే అన్నిటికంటే బీద పోగు అదే, కాబట్టి ఎవరూ తీసుకునేవారు కాదు. ఒక ఏడు ఎవరో ఆకు ఎత్తి చూశారు. పండగ కొంచెం చల్లబడింది. అప్పుడు కాక తీర్పు చెప్పాడు.

"తిననోడు పంచాలె. వానికి కార్జమొక్కటే, కంకరరాయొక్కటే."

కాక అంటే నాకు చుట్టమేమీ కాదు. బాయిలో, అంటే గనిలో, పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసి రిటైరైన మనిషి. ఆయన నిలబెట్టిన దుంగల కింద మా లైన్లో సగం మంది ఉద్యోగం చేశారు. అందువల్ల ఆయన ఏదైనా నిలబెడితే దాన్ని కదిపే అలవాటు మాకు లేదు.

నేనుండేది ల్యాంపు రూములో. బాయిలోకి దిగేవాళ్లు టోపీకి పెట్టుకునే దీపాలను చార్జింగు పెట్టి, షిఫ్టు మొదట్లో ఇచ్చి, చివర్లో తీసుకోవడం నా డ్యూటీ. దీపాలు కిందికి దిగుతాయి, నేను దిగను. మాంసం పంచుతాను, తినను. నా బతుకులో ఒక పద్ధతి ఉందని మా ఆవిడ అంటుంది. మెచ్చుకోలుగా కాదు. మిగిలిన పోగే మా ఇంటికి వస్తుంది కనుక, నేను పంచడం మొదలుపెట్టినప్పటి నుంచి ఆమెకు బొక్కలే ఎక్కువ వస్తున్నాయని ఆమె ఫిర్యాదు.

నేను ఎందుకు మానేశానన్నది చెప్పుకోదగ్గ కథేమీ కాదు. ఒక దసరాకు మేకపోతును రెండు రోజులు ముందే తెచ్చి, నీడ ఉందని మా జామచెట్టుకు కట్టేశారు. దానికి గడ్డం ఉండేది. మనం మాట్లాడుతుంటే తల ఊపేది, ఏమీ వినేది కాదు. అచ్చం మా అధికారి ఒకాయన లాగా. దానికి ఆయన పేరే పెట్టాను. ఆ పేరు ఇక్కడ రాయలేను. ఆయన ఇంకా సర్వీసులోనే ఉన్నారు, నేనూ ఉన్నాను. ఆ రెండు రోజులూ డ్యూటీ నుంచి వచ్చి దానికి జామాకులు తినిపిస్తూ, ఎదురుగా చెప్పలేని మాటలన్నీ ఆయనకు చెప్పుకున్నాను. మనసు చాలా తేలికపడింది. పండగనాడు పొద్దున భాయ్ తాడు విప్పితే, అది ఆయన వెంట వెళ్లకుండా నా దగ్గరికి వచ్చి నిలబడింది. ఆకులకోసమే వచ్చి ఉంటుంది. ఆ మధ్యాహ్నం కంచంలో కూర పడింది గానీ చెయ్యి దాని దాకా పోలేదు. ఆ తర్వాత కూడా పోలేదు.

ఈ సంగతి మా ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. అడిగినవాళ్లకు గ్యాసు అని చెప్పాను. మా ఊళ్లో గ్యాసు పరువైన జబ్బు. షిఫ్టు డ్యూటీలు చేసే ప్రతివాడికీ ఉంటుంది, దవాఖానలో దానికి ఎప్పుడూ ఒకటే గోళీ ఇస్తారు.

గ్యాసు అని చెప్పడానికి వేరే కారణం ఉంది. జాలి అని చెబితే, పక్కనే కూర్చుని తింటున్నవాళ్లను కసాయివాళ్లన్నట్టు. ఏమీ చెప్పకుండా ఊరుకుంటే ఇంకా ప్రమాదం. మా లైన్లో ఇంతకుముందు ఒకాయన ప్రమోషన్ వచ్చాక మొదట మాంసం మానేశాడు. తర్వాత మా ఇళ్లలో మంచినీళ్లు మానేశాడు. ఆ తర్వాత పలకరింపు మానేశాడు. మా దగ్గర ఒకడు కూర మానేశాడంటే, పెద్దకులపోళ్ల వరసలో నిలబడటానికి పోతున్నాడేమోనని నలుగురూ ఒకసారి తేరిపార చూస్తారు. నన్నలా చూడటం నాకిష్టం లేదు. తొమ్మిది టేకాకుల ముందు కూర్చునే ఆ చోటు నాకు కావాలి. మా నాన్న కూడా ఆ వాకిట్లోనే కూర్చున్నాడు. ఆయన పంచలేదులెండి, ఏ పోగు మంచిదో వెనకనుంచి చెప్పేవాడు.

ఇదంతా సాఫీగానే నడిచింది, మొన్నటి దసరా దాకా.

ఆ పొద్దున భాయ్ పని ముగించి నల్లా దగ్గర చాకు కడుక్కుంటున్నాడు. కాక కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను పోగులు మొదలుపెట్టి, తొడ ముక్కలు అయ్యాక కార్జం దగ్గరికి వచ్చాను. పక్క క్వార్టరు బావ ఫోను పట్టుకుని వచ్చాడు. బావ కూడా చుట్టం కాదు, వరస కలుపుకున్నాం. ఓపెన్‌కాస్టు గనిలో ఎలక్ట్రీషియన్. ప్రపంచంలో ఎక్కడ ఏం కనిపెట్టినా మా లైన్‌కు మొదట చెప్పేది ఆయనే.

"కాకా, ఇగో జూడు. యాటను కొయ్యకుంటనే కూర! సూది మొనంత కండ తీసి గీ ట్యాంకులల్ల ఏస్తరట. అండ్లనే పెరుగుతదట. యాటేమో పక్కకు గడ్డి మేసుకుంట నిలవడ్డది."

కాక ఫోను దూరంగా పెట్టి చూశాడు. తెల్లకోటు వేసుకున్న మనిషి, మెరిసే ట్యాంకులు, ఒక పళ్లెంలో చిన్న ముక్క.

"దాని మొకం జూసుకుంట దాని కూరనే తినుడా? ఇగురం లేని పని." తర్వాత ఆయనకు అసలు సందేహం వచ్చింది. "అండ్ల కార్జం ఉంటదా?"

"కార్జానికి వేరే ట్యాంకు పెడ్తరు కావచ్చు."

"బోటి?"

బావ ఫోను కాసేపు వేలితో తోశాడు. "బోటి ముచ్చట ఏం జెప్తలేరే."

"అయితె అది యాట గాదు. సబ్బుబిళ్ల."

భాయ్ చాకు తుడుచుకుంటూ వచ్చాడు. "గర్దనే లేకుంటె నేను చాకు యాడ పెట్టాలె? బిస్మిల్లా ఎవనికి చదవాలె, ట్యాంకుకా?"

"స్విచ్చు ఏసేటప్పుడు చదువు భాయ్, ఒక్కపాలి చదివితె వెయ్యి కిలోలు."

"గట్లయితె నా షాపు బంద్ జేసి ఆడనే కూసుంట. ఏసీ ఉంటది గద!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాక మాత్రం నవ్వు మధ్యలో ఆపి అన్నాడు. "బొగ్గు తియ్యకుంట కరెంటంటున్నరు. యాటను కొయ్యకుంట కూరంటున్నరు. అన్నీ ఒస్తయి తియ్. నేను పోయినంక ఒస్తయి."

అప్పుడు బావ నావైపు తిరిగాడు. "బావా, నీకైతె ఇది అసలు పండుగ! సంపుడు లేదు, నెత్తురు లేదు. గిది ఒస్తె తింటవా?"

నా చేతిలో కార్జం ముక్క ఉంది. ఎవరూ తప్పుగా అడగలేదు. కానీ నేను ఆలోచించకుండా, ఎప్పుడూ వచ్చే మాటే అనేశాను. "తిన."

"ఎందుకు?"

"గ్యాసు."

"నిన్న స్టాండు కాడ మిర్చిబజ్జీలు నాలుగు తిన్నవ్, నా ప్లేట్లది ఒకటి గుంజుకున్నవ్. అప్పుడు లేదా గ్యాసు?"

బావ సరదాకే అన్నాడు. కాక కుర్చీలో ముందుకు వంగాడు. ఆయన సరదాగా లేడు.

"గ్యాసు గాదని నాకెప్పుడో ఎరుకే బిడ్డా. గుండె మెత్తగైంది, సంపుడు చూడలేకపోతున్నడు, పోనీ తియ్ అనుకున్న. గిప్పుడు సంపుడే లేదంటున్నడు గద వాడు. అయినా తిననంటున్నవ్. అంటె నీకు యాట మీద జాలి గాదు. కూర మీదనే రోత. కూర మీద రోతంటె," చేత్తో ఆ వాకిలంతా చూపించాడు, "తినేటోళ్ల మీద రోతనే గద."

ఒప్పుకోవాలి. కాలేజీలో మాకు ప్రయోగం ఎలా చెయ్యాలో చెప్పేవాళ్లు: అన్నీ అలాగే ఉంచి ఒక్కటి తీసెయ్, అప్పుడు ఏం మిగులుతుందో చూడు. కాక ఏ కాలేజీకీ పోకుండానే చావును తీసేసి నన్ను చూశాడు. మిగిలింది నాకూ తెలియలేదు. తినాలని అనిపించడం పోయి చాలా కాలమైంది, అంతే. ఆకలి లేనివాణ్ని ఏ హోటల్ మంచిదని అడిగితే ఏం చెబుతాడు? ఈ మాట అప్పుడు తట్టి ఉంటే బాగుండేది. నాకు తగిన మాటలన్నీ షిఫ్టు దిగాకే వస్తాయి.

"పక్కకు జరుగు బిడ్డా," అన్నాడు కాక. గొంతులో కోపం లేదు, అదే బాగాలేదు. "ఈపాలి మీ బావ పెడ్తడు."

నేను లేచి జామచెట్టు కిందికి వెళ్లి నిలబడ్డాను. బావ ఇబ్బందిగా నా చోట్లో కూర్చున్నాడు. ఎలక్ట్రీషియన్ కాబట్టి వైర్లు కలిపినట్టు ముక్కలను గబగబా కలుపుకుంటూ పోయాడు. కార్జమంతా మూడో ఆకు మీదే చేరిపోయింది. ఎనిమిదిళ్లలోనూ ఉల్లిగడ్డలు వేగుతున్న చప్పుడు వినిపించింది.

మా ఆవిడ గిన్నె తీసుకుని బయటికి వచ్చింది. ఆకుల ముందు బావను, చెట్టు కింద నన్ను చూసింది.

"ఏంది అన్నా, నువ్ కూసున్నవ్? ఈయనకేమైంది?"

"ఏం లే చెల్లె. మా బావకు కూరంటె రోతనట."

"రోతనా?" ఆమె కాకవైపు తిరిగి గిన్నె నడుముకు ఆనించుకుంది. అలా ఆనించుకుంటే మాట పొడవుగా ఉంటుందని నాకు తెలుసు. "మామా, మా ఇంట్ల బోటి ఎవరు కడుగుతరో ఎరుకేనా నీకు?"

నేను కళ్లతో వద్దన్నాను. పెళ్లయినప్పటి నుంచి ఆమె ఆ సైగను లెక్కచేసింది లేదు.

"నాకా వాసన పడది. తినుడు పడ్తది గని కడుగుడు పడది. ఐతారం ఐతారం ఈయననే. వెనక తలుపు పెట్టుకుంటడు, ఎవలన్న జూస్తరని. ఉడుకునీళ్లు, సున్నం. పేగు లోపలిది బయటికి తిప్పి, గీకి, పసుపు పెట్టి, తెల్ల తువ్వాల లెక్క జేసి ఇస్తడు. మడి గట్టుకునేటోడు బోటి కడుగుతడా మామా? నువ్వే జెప్పు."

కాక నావైపు తిరిగాడు. ఆయన చూపు మెల్లగా నా చేతుల మీదికి దిగింది.

"నువ్వు కడుగుతవా?"

"కడుగుత కాక."

"నల్లపొర పోతదా?"

"సున్నం వేడిగ ఉంటె పోతది."

"మా ఇంట్ల పోతలేదు," అన్నాడు కాక, చాలా గంభీరంగా. కుర్చీ నావైపు జరుపుకుని అడిగాడు. "మరెందుకు తినవురా?"

నేను నోరు తెరిచేలోగా మా ఆవిడే చెప్పేసింది. "యాటకు పేరు వెట్టుకున్నడు గద, గా గడ్డం పోతుకు. ఆ సంది తింటలేడు." పేరు కూడా చెప్పింది.

ముందు కాకకు నవ్వు మొదలైంది. నవ్వు దగ్గుగా మారి, దగ్గు మళ్లీ నవ్వుగా మారింది. కళ్లు తుడుచుకుంటూ అడిగాడు. "అంటె ఆ దసరాకు మనమంత తిన్నది గా సార్నా?"

"అందుకే ఉడుకుటానికి అంత సేపు పట్టింది," అన్నాడు బావ.

భాయ్ రెండు చెవులూ పట్టుకుని, "తోబా తోబా, కోసింది నేను, నౌకరీ మీది," అన్నాడు.

నవ్వులు తగ్గాక కాక కుర్చీ చేతిమీద కొట్టాడు. "ఓ కరెంటోడా, నువ్ లెవ్వు. కార్జమంత ఒక్కకాడ కుప్ప వోసినవ్. ఇది పోగా, బొగ్గు స్టాకుయార్డా? బిడ్డా, ఒచ్చి కూసో. అన్ని కలిపి మల్ల మొదటి సంది పెట్టు."

వచ్చి కూర్చున్నాను. ఆకుల మీది ముక్కలన్నీ కలిపి మళ్లీ పెట్టాను. ఆ రోజు పెట్టినంత సమంగా నేనెప్పుడూ పెట్టలేదనుకుంటాను. ఒక్కొక్కరూ వచ్చి తీసుకున్నారు. భాయ్ తన పోగు సంచిలో వేసుకుంటూ, మిగతావాళ్లకు వినపడకుండా అన్నాడు.

"భయ్యా, ఇన్నేండ్లాయె, చాకు పట్టినప్పుడు నా చెయ్యి జర వణుకుతది. ఎవలకు జెప్పలే. గా ట్యాంకు కాడ ఎవని చెయ్యి వణుకుతది?"

సంచిని హ్యాండిల్‌కు తగిలించుకున్నాడు. బండి స్టార్ట్ చేసి వెళ్లిపోయాడు.

అందరూ తీసుకున్నాక మిగిలిన పోగు మా ఆవిడ గిన్నెలో పడింది. అందులో బొక్కలే ఎక్కువ ఉన్నాయి. ఆమె చూసింది గానీ ఆ రోజుకు గిన్నె నడుముకు ఆనించుకోకుండానే లోపలికి తీసుకెళ్లింది.

నేను వెనక్కి వెళ్లి నల్లా దగ్గర పీట వేసుకుని, బకెట్లో ఉడుకునీళ్లు పోసుకుని, బోటి కడగడం మొదలుపెట్టాను. ఆ పనికి బుర్ర అక్కర్లేదు కనుక అది బావ ట్యాంకుల దగ్గరికి పోయింది. ఆ కూర మా దాకా వస్తే మంచిదే. ఈ మాట మనస్ఫూర్తిగానే అంటున్నాను. ఇష్టంగా తినేవాళ్లు తింటారు, ఒక తాడు విప్పే పని తప్పుతుంది. భాయ్ చెయ్యి వణకదు. కాకపోతే అప్పుడు మేకను ఎవరు పెంచుతారు? మా గడ్డం సారు పుట్టింది దసరాకోసమే. దసరా లేకపోతే ఆయన్ను ఎవరూ పుట్టనిచ్చేవాళ్లే కాదు, నా జామాకులు తినేవాడూ కాదు, నా గోడు వినేవాడూ కాదు. చంపకపోవడం ఒకటి, అసలు లేకుండా చెయ్యడం ఇంకొకటి. ఈ రెంటిలో ఏది దయ అన్నది తేల్చడానికి నా దగ్గర ఉన్నది డిగ్రీ ఒక్కటే. అది చాలదు.

ఇంకో సంగతి కూడా తోచింది, ఇది కొంచెం స్వార్థం. ట్యాంకులో పెరిగిన కూరలో తొడ ఉండదు, పక్క ఉండదు, ఏ ముక్క చూసినా ఒకటే ముక్క. పంచడానికి కన్ను అక్కర్లేదు, తిననివాడు అసలే అక్కర్లేదు. అది వచ్చిన రోజున నేను టేకాకుల ముందునుంచి శాశ్వతంగా రిటైరవుతాను. రిటైరయ్యాక ఏం చెయ్యాలా అని ఆలోచిస్తున్నాను.

వంటింట్లోంచి మా ఆవిడ అడిగింది. "అది ఒస్తె నిజంగనే తినవా?"

"నువ్ ముందు తిని చెప్పు."

"బొక్క లేని కూరనా? నేనెందుకు తింట!"

అంటే ఆ శాస్త్రజ్ఞులు మా ఇంట్లో ఇద్దరినీ పోగొట్టుకున్నారు.

వెనక తలుపు ఈసారి పెట్టుకోలేదు. పెట్టుకుని ప్రయోజనం కూడా లేదు. అంతలోనే గుమ్మంలో నీడ పడింది. తలెత్తి చూస్తే కాక. పండగ పంచె, కొత్త తువ్వాల, చేతిలో స్టీలు గిన్నె. గిన్నె మీద కప్పిన టేకాకును కొంచెం పక్కకు జరిపి చూపించాడు. వాళ్లింటి బోటి.

"మీ చిన్నమ్మకు శాతనైతలేదురా," అన్నాడు. "సున్నం ఉన్నదా, తేవాల్నా?"

"ఉన్నది కాక."

ఆయన గిన్నె నా పక్కన పెట్టి, తనూ ఒక పీట లాక్కుని కూర్చున్నాడు. నల్లపొర ఎట్లా పోతుందో కళ్లతో చూస్తే గానీ నమ్మడట. ఆయన భుజం మీదుగా చూస్తే సందులో బావ వస్తున్నాడు. ఆయన చేతిలోనూ గిన్నె ఉంది. దాని మీదా ఆకు కప్పి ఉంది.

ఇంకో బిందె నీళ్లు పొయ్యి మీద పెట్టమని మా ఆవిడకు కేక వేశాను.